స్టెంట్ వేశాక రెండు మాత్రలు: మీరు మానేసింది ఏది?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 42 ఏళ్లు. చాలాకాలంగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. దాన్ని అదుపు చేయడానికి కొన్ని నెలలు హార్మోన్ మాత్రలు వాడారు. ఆ మాత్రలు వాడుతుండగానే ఒకరోజు ఎడమ కాలు తొడ దాకా వాచి, నీలంగా మారింది. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేస్తే తొడ నుంచి పొత్తికడుపు దాకా సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. సిరలోకి సన్నని గొట్టం పంపి ఆ గడ్డను కరిగించారు. అది తొలగాక చూస్తే పొత్తికడుపులో సిర ఒకచోట నొక్కుకుపోయి ఉంది. అక్కడ సిరను తెరిచి ఉంచడానికి స్టెంట్ (లోహపు జాలీ గొట్టం) వేశారు. ఇదంతా జరిగి నాలుగు నెలలైంది.

ఇంటికి పంపేటప్పుడు రివరోక్సబాన్ 20 మిల్లీగ్రాములు, ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు, రెండూ రోజుకొకటి చొప్పున రాశారు. ఎన్నాళ్లు వాడాలో చీటీలో లేదు, ‘కంటిన్యూ’ అని మాత్రం ఉంది. రెండో నెల నుంచి పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, ఎక్కడ కాస్త తగిలినా కమిలిన మచ్చలు. నెలసరి అయితే ఎనిమిది, తొమ్మిది రోజులు సాగుతోంది. హిమోగ్లోబిన్ 11.6 నుంచి 9.1కి దిగింది. ఇంటి దగ్గర చూపించుకునే డాక్టరు, ‘రెండూ ఎందుకమ్మా, ఒకటి చాలుగా’ అన్నారట. ఏ ఒకటో చెప్పలేదు. గుండెకు స్టెంట్ వేయించుకున్న మరిది మాత్రం, ‘వదినా, స్టెంట్ పడ్డవాళ్లు ఆస్పిరిన్ జన్మలో ఆపకూడదు’ అని గట్టిగా చెప్పాడు.

ఆమె ఈ రెండు మాటలూ కలిపి ఒక లెక్క వేసుకున్నారు. గడ్డ కరిగిపోయింది కాబట్టి గడ్డ కోసం ఇచ్చిన రివరోక్సబాన్‌తో పని తీరింది, స్టెంట్ లోపలే ఉంది కాబట్టి ఆస్పిరిన్ ఉండాలి. నెల పైగా ఆస్పిరిన్ రోజూ వేసుకుంటూ, రివరోక్సబాన్ రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. నెలసరి రోజుల్లో అదీ లేదు. ఏ మాత్రా ఆపకూడదనే భర్త ప్రతి ఆదివారం వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్ది పెడతారు. ఆయన చూడకుండా ఈమె కొన్ని తీసి హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో దాస్తున్నారు. మందుల షాపులో నెలసరి ఆపే మాత్రలంటూ ఒక షీటు ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. దానికి తోడు ఒక పన్ను తీయించుకోవాల్సి ఉంది. ‘కాలు ఇప్పటికైతే వాయలేదు. ఏది ఆపాలి? ఎన్నాళ్లు వాడాలి? చేసింది ఎవరికి ఎలా చెప్పాలి?’ అని అడుగుతున్నారు.

అమ్మా, కాలు వాయలేదన్న మాట చదివి స్థిమితపడ్డాను. హ్యాండ్‌బ్యాగు అరలో పోగవుతున్న మాత్రల సంగతి చదివి మళ్లీ కంగారుపడ్డాను. మీరు వేసుకున్న లెక్క తెలివితక్కువదేమీ కాదు. విన్న రెండు మాటల నుంచి ఎవరైనా అక్కడికే చేరతారు. కానీ సిర విషయంలో అది తలకిందుల లెక్క. మీ రెండు మాత్రల్లో అసలు కాపలా రివరోక్సబాన్‌ది. ఆస్పిరిన్ దానికి తోడు మాత్రమే. మీరు కాపలాను తగ్గించి తోడును ఉంచుకున్నారు.

అందుచేత మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. స్టెంట్ వేసిన వాస్కులర్ (రక్తనాళాల) డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. మందు సగమే వాడుతున్నానని, హిమోగ్లోబిన్ 9.1 అని, రెండూ ఒకే ఫోన్‌లో చెప్పండి. ఇప్పటికిప్పుడు రక్తం విపరీతంగా పోతుంటే తప్ప, రివరోక్సబాన్ మళ్లీ రోజూ వేసుకోమనే ఆయన చెప్పే అవకాశం ఎక్కువ. వదిలేసిన వాటికి పరిహారంగా రెండేసి మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకండి. దాచిన మాత్రలు దాచినట్టే ఉండనివ్వండి, వాటితో ఇంకో పని ఉంది, చివర్లో చెబుతాను.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు, ఆయన గుండెకు అది నిజమే. రక్తం గడ్డకట్టేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. రక్తంలోని కొన్ని ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపుకుంటూ చివరికి ఫైబ్రిన్ అనే దారాలతో వల అల్లుతాయి. గుండె ధమనుల్లో రక్తం ఒత్తిడితో పరుగులు తీస్తుంది కాబట్టి అక్కడ గడ్డకు పునాది ఎక్కువగా ప్లేట్‌లెట్లదే. అందుకే గుండె స్టెంట్ పడ్డవారికి మొదటి నెలల్లో ఆస్పిరిన్, దానికి జతగా క్లోపిడోగ్రెల్ లాంటి మరో ప్లేట్‌లెట్ మందు ఇచ్చి, తర్వాత సాధారణంగా ఏదో ఒకటి ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. సిరల్లో పరిస్థితి వేరు. ఒత్తిడి తక్కువ, నడక నెమ్మది. నిలవ నీటికి పాచి పట్టినట్టు, రక్తం మందగించినచోట ఫైబ్రిన్ వల అల్లుకుని ఎర్రకణాలను పట్టేసుకుంటుంది. ఆ వల అల్లకుండా ఆపేవి రివరోక్సబాన్, అపిక్సబాన్, వార్ఫరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల జోలికి వెళుతుందే గాని, ఈ వలను నేరుగా తాకదు. స్టెంట్ అన్న పేరు ఒకటే అయినా, అది ఏ రక్తనాళంలో ఉందన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది.

ఆస్పిరిన్ తోడు మాత్రమే అయితే అసలు ఎందుకు రాశారని మీరు అడగవచ్చు. కొత్తగా పెట్టిన లోహపు జాలీ రక్తానికి పరాయి వస్తువు. ప్లేట్‌లెట్లు వచ్చి దాని మీద వాలతాయి. కొన్ని వారాల నుంచి నెలల్లో సిర లోపలి పొర పాకి ఆ జాలీని కప్పేస్తుంది. అంతదాకా ప్లేట్‌లెట్లను కూడా కట్టడి చేస్తే మంచిదన్నది రెండు మందులు కలిపి ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. దాన్ని బలపరిచే పెద్ద అధ్యయనాలు మాత్రం లేవు. 2018లో వివిధ దేశాల సిరల నిపుణులు కలిసి ఒక ఏకాభిప్రాయ పత్రం తయారుచేశారు. సిర మీద నొక్కుడుకు స్టెంట్ వేశాక మొదటి 6 నుంచి 12 నెలలు ఫైబ్రిన్‌ను ఆపే మందే ముఖ్యమని వారు ఒప్పుకున్నారు. ఒకేసారి గడ్డ వచ్చినవారిలో ఆ గడువు తర్వాత ఆపవచ్చని, పలుమార్లు వచ్చినవారికి జీవితాంతం కావాలని కూడా అంగీకారం కుదిరింది. ఆస్పిరిన్ లాంటి మందులను దీర్ఘకాలం వాడే విషయంలో మాత్రం వారికి ఏకాభిప్రాయం కుదరలేదు. మీకు ఒక డాక్టరు రెండూ రాయడం, మరొకరు ఒకటి చాలనడం ఇక్కడి నుంచే వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ అజ్ఞాని కారు. ఏ ఒకటో చెప్పకుండా ‘ఒకటి చాలు’ అని వదిలేయడం మాత్రం నాకు నచ్చలేదు. రోగి చేతికి అలాంటి సగం మాట ఇవ్వకూడదు.

మీరు రోజు విడిచి రోజు వేసుకోవడంలో మరో చిక్కుంది. రివరోక్సబాన్ ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయే మందు. మీ వయసువారిలో 5 నుంచి 9 గంటల్లో సగానికి తగ్గుతుంది. మర్నాటి మాత్ర వేళకు దాని పని దాదాపు అయిపోతుంది. ఆ రోజు మాత్ర పడకపోతే రాబోయే 24 గంటలు సిరలో కాపలా లేనట్టే. ఆస్పిరిన్ అలా కాదు. అది తాకిన ప్లేట్‌లెట్ మళ్లీ కోలుకోదు, దాని ఆయుష్షు తీరేదాకా, అంటే వారం పది రోజులు అలాగే ఉంటుంది. ఒక్కరోజు ఆస్పిరిన్ మరిచిపోతే పెద్దగా తేడా రాదు, ఒక్కరోజు రివరోక్సబాన్ మరిచిపోతే తేడా వస్తుంది. మీరు రక్తస్రావం తగ్గుతుందని దాన్ని విడిచిన రోజుల్లో కూడా ఆస్పిరిన్ ప్రభావం మీ ఒంట్లో పూర్తిగానే ఉంది. చిగుళ్ల రక్తం తగ్గలేదని మీరే రాశారు కదా, కొంత కారణం ఇదే.

ఇంకొక చిన్న సంగతి, ఎవరూ అడగనిది. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు? ‘పొద్దున్నే, ఏమీ తినకముందు, ఆయన చూసేలోపు’ అని ఉత్తరంలో ఒకచోట రాశారు. రివరోక్సబాన్ 20 మిల్లీగ్రాముల మాత్రను కడుపు నిండా తిన్న భోజనంతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే మూడింట రెండు వంతులే ఒంటపడుతుంది. అంటే మీరు వేసుకున్న రోజున కూడా పూర్తి మోతాదు అందలేదు. రాత్రి భోజనంతో అలవాటు చేసుకున్నా సరే, మధ్యాహ్నమైనా సరే, రోజూ అదే పూట ఉండాలి.

ఇక మీ ముందున్న దారులు. ఏది మీకు నప్పుతుందో మీ సిరను లోపలి నుంచి చూసిన డాక్టరే తేల్చాలి. ఏ దారికి ఏ మూల్యం ఉందో తెలిస్తే ఆయనతో మాట్లాడటం మీకు తేలికవుతుంది.

రెండూ రాసినట్టే కొనసాగించడం ఒకటి. స్టెంట్‌కు పూర్తి రక్షణ ఉందన్న ధీమా ఉంటుంది. కానీ ఫైబ్రిన్‌ను ఆపే మందుకు ఆస్పిరిన్ జతచేస్తే రక్తస్రావం పెరుగుతుందన్నది ఇతర జబ్బుల్లో పదేపదే రుజువైన విషయం, మీ హిమోగ్లోబిన్ కూడా అదే చెబుతోంది. ఈ దారిలో ఉండాలంటే మూడు షరతులు కావాలి: కడుపులో పుండు పడకుండా పాంటోప్రజోల్ లాంటి మాత్ర, నెలసరికి విడిగా వైద్యం, ఆస్పిరిన్ ఆపే తేదీ చీటీ మీద రాసి ఉండటం. తేదీ లేని ‘కంటిన్యూ’కు మీరు ఒప్పుకోకండి.

ఆస్పిరిన్ ఆపేసి రివరోక్సబాన్ ఒక్కటే పూర్తి మోతాదులో ఉంచడం రెండోది. నాలుగు నెలలు దాటి, స్కాన్‌లో స్టెంట్ తెరుచుకుని ఉండి, రక్తస్రావం ఇంత ఇబ్బంది పెడుతుంటే చాలామంది డాక్టర్లు ఇటే మొగ్గుతారు. నేను మీ స్థానంలో ఉంటే ముందు ఇదే అడుగుతాను. మూల్యం ఏమిటంటే, స్టెంట్ మీద ప్లేట్‌లెట్ల కాపలా కొంచెం ముందుగా తీసేసినట్టవుతుంది. సిరలోకి కింది నుంచి వచ్చే రక్తప్రవాహం బలంగా ఉన్నవారిలో దీని ప్రభావం చిన్నది. తొడ సిరలో పాత గడ్డ మచ్చలా మిగిలి, ప్రవాహం సన్నగా ఉన్నవారిలో మాత్రం డాక్టరు వెనకాడవచ్చు. సిరల స్టెంట్లు మూసుకుపోవడానికి మందు చాలకపోవడం ఎంత కారణమో, కింది నుంచి తగినంత రక్తం రాకపోవడం కూడా అంతే కారణం. అందుకే ‘నా స్టెంట్‌లోకి కింది నుంచి రక్తం బాగా వస్తోందా?’ అని తప్పకుండా అడగండి. సమాధానం డాప్లర్‌లో దొరుకుతుంది.

రివరోక్సబాన్ బదులు అపిక్సబాన్‌కు మారడం కూడా ఉంది. రివరోక్సబాన్ వాడే స్త్రీలలో నెలసరి ఎక్కువ కావడం మిగతా మందులకన్నా తరచుగా కనిపిస్తుంది. అపిక్సబాన్‌తో ఆ బాధ తక్కువ ఉండే అవకాశం ఉంది. కానీ అది రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. మాత్రలు దాచే అలవాటు పోకపోతే మందు మార్చినా లాభం లేదు, పైగా రెండోపూటది మరచిపోయే అవకాశం కూడా తోడవుతుంది. వార్ఫరిన్ పాతది, చవకైనది, ఐఎన్‌ఆర్ పరీక్షతో అది ఎంత పనిచేస్తోందో కొలవవచ్చు, 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. తరచూ రక్తపరీక్షలు, తిండితో, ఇతర మందులతో దాని మోతాదు అటూ ఇటూ కావడం దాని తలనొప్పులు. ఒక్క సందర్భంలో మాత్రం దానికే పెద్దపీట. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే రోగనిరోధక సమస్య ఉన్నవారిలో, ముఖ్యంగా మూడు రకాల యాంటీబాడీలూ పాజిటివ్ వచ్చినవారిలో, రివరోక్సబాన్ లాంటివి సరిగా కాపాడలేవు. మీకు ఆ పరీక్ష చేశారో లేదో కనుక్కోండి. అది తెలియకుండా మందు మార్చుకునే చర్చ సగమే.

నాలుగోది మీరు ఇప్పుడు నడుస్తున్న దారి: ఆస్పిరిన్ పూర్తిగా, రివరోక్సబాన్ సగం. దీన్ని దారుల్లో లెక్కపెట్టడానికే నాకు మనసొప్పడం లేదు. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, సిరల్లో గడ్డకు 6 నుంచి 12 నెలలు వైద్యం పూర్తిచేసుకున్న మూడు వేల మందికి పైగా రోగులను మూడు గుంపులు చేసి, దాదాపు ఏడాదిపాటు చూశారు. ఆస్పిరిన్ గుంపులో 4.4 శాతం మందికి గడ్డ మళ్లీ వచ్చింది. రివరోక్సబాన్ 20 మిల్లీగ్రాముల గుంపులో 1.5 శాతం, 10 మిల్లీగ్రాముల గుంపులో 1.2 శాతం. పెద్ద రక్తస్రావాలు మూడు గుంపుల్లోనూ 1 శాతం లోపే. అంటే ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారికి రక్షణా తక్కువే, రక్తస్రావం విషయంలో చెప్పుకోదగ్గ లాభమూ లేదు. ఇది స్టెంట్ పడ్డవారి మీద చేసిన అధ్యయనం కాదు, మీ అంత తొలి నెలల్లో ఉన్నవారి మీదా కాదు. మీకు పరిస్థితి ఇంకా సున్నితం, ఎందుకంటే స్టెంట్‌లో గడ్డ పడే ముప్పు మొదటి వారాలు, నెలల్లోనే ఎక్కువ.

ఆ 10 మిల్లీగ్రాముల లెక్క చూసి మీకు ఆశ పుట్టి ఉంటుంది. ఆ చిన్న మోతాదు ఆరు నెలల పూర్తి వైద్యం తర్వాత మాట. ఇప్పుడు 20ని మీరే విరిచి 10 చేసుకోకూడదు. ఆరు నెలలో, ఏడాదో గడిచాక, స్కాన్ బాగుండి, డాక్టరు మందు పూర్తిగా ఆపుదామా, చిన్న మోతాదులో ఉంచుదామా అని ఆలోచించే రోజున అది చర్చకు వస్తుంది. మీ విషయంలో ఆ రోజు రావడానికి మంచి అవకాశమే ఉందని నాకు అనిపిస్తోంది. గడ్డ ఒక్కసారే వచ్చింది. దానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి హార్మోన్ మాత్రలు, వాటిని ఆపేశారు. రెండోది సిర నొక్కుడు. ఎడమ కాలి నుంచి రక్తం మోసుకెళ్లే పెద్ద సిర, కుడి కాలికి వెళ్లే ధమనికీ వెన్నెముకకూ మధ్యలోంచి సాగుతుంది. కొందరిలో ధమని దాన్ని ఎముకకేసి నొక్కేస్తుంది. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వర్ణించారు కాబట్టి మే-థర్నర్ సిండ్రోమ్ అంటారు. స్టెంట్ వేసింది ఆ నొక్కుడును విడిపించడానికే. మీ కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి గడ్డలు వచ్చాయా, మీకు గర్భస్రావాలు జరిగాయా అన్నవి కూడా ఈ నిర్ణయంలో లెక్కకు వస్తాయి. వాటి గురించి మీరు రాయలేదు, డాక్టరుకు చెప్పండి. స్టెంట్ జీవితాంతం లోపలే ఉంటుంది. మందు జీవితాంతం ఉండాలా వద్దా అన్నది మాత్రం స్టెంట్‌ను బట్టి కాదు, గడ్డ ఎందుకు వచ్చిందన్నదాన్ని బట్టి తేలుతుంది.

నెలసరి సంగతికి వద్దాం. నిజానికి మీ ఉత్తరం మొత్తంలో అసలు ముడి ఇక్కడే ఉందని నా అనుమానం. మందుల షాపులో ఇచ్చిన ఆ షీటు పేరు రాశారు, నోరెథిస్టెరాన్. దాన్ని పక్కన పెట్టేయండి. నెలసరిని ఆపడానికి వాడే పెద్ద మోతాదుల్లో అది ఒంట్లో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది. మీకు గడ్డ తెచ్చిపెట్టిన కుటుంబానికే చెందుతుందన్నమాట. గడ్డ నివారణ మందు పూర్తిగా వాడుతున్నవారికి గైనకాలజిస్టులు కొన్నిసార్లు హార్మోన్లు ఆలోచించి ఇస్తారు, ఆ రక్షణ ఉంది కాబట్టి. మీరేమో ఆ రక్షణను సగం చేసుకుని ఉన్నారు. ఈ పరిస్థితిలో ఆ షీటు ప్రమాదం. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మాత్ర కూడా చాలామందికి తెలుసు. అది గడ్డ కరగకుండా ఆపే మందు, కొత్త స్టెంట్ ఉన్న మీరు దాన్ని సొంతంగా ముట్టుకోకూడదు.

గర్భాశయంలో పెట్టే లెవోనార్జెస్ట్రెల్ కాయిల్ గురించి గైనకాలజిస్టును అడగండి. హార్మోన్ చాలావరకు అక్కడికక్కడే పనిచేస్తుంది, గడ్డ ముప్పును పెంచినట్టు కనిపించలేదు, నెలసరి చాలామందిలో బాగా తగ్గిపోతుంది. మొదటి నెలల్లో చుక్కచుక్కగా రక్తం కనిపించడం దాని ఇబ్బంది. అంతకన్నా ముందు, ఇన్నేళ్లుగా అధిక రక్తస్రావం ఎందుకో స్కాన్ చేసి చూడాలి. ఫైబ్రాయిడ్లనే గర్భాశయ కణితులో, లోపలి పొర మందమో ఉంటే వాటికి విడి వైద్యం ఉంది. ‘మళ్లీ గైనకాలజిస్టు దగ్గరికి వెళితే మళ్లీ అదే కథ’ అని మీరు భయపడుతున్నారు, అర్థం చేసుకోగలను. ఈసారి వెళ్లేటప్పుడు స్టెంట్ డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టుకుని వెళ్లండి, వాస్కులర్ డాక్టరుతో మాట్లాడమని ఆమెను కోరండి. మీ కేసులో ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు ఫోన్లో పది నిమిషాలు మాట్లాడితే మీ బాధ సగం తగ్గేది. ఆ ఫోను చేయించడం రోగి పని కాకూడదు, కానీ చాలాసార్లు రోగే చేయించాల్సి వస్తోంది.

హిమోగ్లోబిన్‌కు ఐరన్ మాత్రలు రాస్తారు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. మాత్రలు సరిపడకపోతే ఐరన్ ఇంజెక్షన్ రూపంలో ఉంది. ఐరన్ మొదలుపెట్టాక విరేచనం నల్లగా మారుతుంది, దానికి హడలిపోకండి. ఐరన్ నలుపు కాస్త పచ్చదనంతో, గట్టిగా ఉంటుంది. లోపల రక్తం పోతే వచ్చే నలుపు వేరు: తారులా జిగటగా, భరించలేని వాసనతో, నీళ్లు పోసినా మరుగుదొడ్డి పళ్లేనికి అంటుకుని వదలదు. అది కనిపిస్తే ఆస్పత్రికే. తలకు గట్టి దెబ్బ తగిలినా, పైకి ఏమీ లేకున్నా, వెళ్లాల్సిందే. ఒంటినొప్పులకు, తలనొప్పికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. ఏ డాక్టరు ఏ మందు రాసినా, ముఖ్యంగా రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజపీన్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ లాంటివి అయితే, రివరోక్సబాన్ వాడుతున్నానని ముందే చెప్పండి. మొదటి మూడూ దాన్ని నీరుగారుస్తాయి, చివరిది పెంచేస్తుంది.

రెండోవైపు హెచ్చరికలు కూడా తెలిసి ఉండాలి. కాలు ఉన్నట్టుండి వాచినా, బరువెక్కినా, తొడ బిగుసుకున్నా, రంగు మారినా ఆ రోజే డాప్లర్. స్టెంట్‌లో పడ్డ గడ్డ తాజాగా ఉన్నప్పుడు, అంటే మొదటి రెండు వారాల లోపు, కరిగించడం తేలిక. ఆ తర్వాత అది మచ్చలా గట్టిపడుతుంది. ‘రేపటికి తగ్గుతుందేమో చూద్దాం’ అనుకోవడానికి ఇది చోటు కాదు. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా, మందు సగం పడిన ఈ వారాల తర్వాత ఒక డాప్లర్ చేయించమని నేనైతే అడుగుతాను.

ఇప్పుడు చెప్పడం సంగతి. డాక్టరు తిడతారేమోనని మీకు భయం. తిట్టినా తిట్టవచ్చు. కానీ చెప్పకపోతే జరిగేది అంతకన్నా పెద్దది. రేపు స్కాన్‌లో ఎక్కడో గడ్డ కనిపించిందనుకోండి, ఆయన ‘పూర్తి మోతాదు వాడుతుండగానే వచ్చింది, ఈ మందు ఈమెకు పనిచేయలేదు’ అనుకుంటారు. మందు మారుస్తారు, మోతాదు పెంచుతారు, లేని జబ్బు కోసం పరీక్షలు రాస్తారు. ఇదంతా మందు పడకపోవడం వల్ల జరిగినదానికి! మీ హ్యాండ్‌బ్యాగులోని మాత్రలు ఆయన ముందు పెట్టి లెక్కపెట్టించండి. ఎన్ని రోజులు కాపలా లేదో ఆయనకు కచ్చితంగా తెలుస్తుంది. వాటితో పని ఇదే అన్నాను.

మీ భర్త విషయంలో నేను తీర్పు చెప్పను. అయితే ఒకటి గమనించాను. ఆయన డబ్బా సర్దుతారు గాని, మీకు నెలసరిలో ఎంత రక్తం పోతోందో ఆయనకు తెలుసా? ఉత్తరం చదివితే తెలియదనే అనిపిస్తోంది. ‘ఆపకూడదు, ఆపకూడదు’ అనే మనిషికి, ఆపాలని ఎందుకు అనిపిస్తోందో చెప్పకపోతే ఆయన ఇంకేం అంటారు? ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడే చెప్పడం ఒక పద్ధతి. మూడో మనిషి ఎదురుగా ఉంటే కోపం హద్దులో ఉంటుంది. లేదా ముందు ఇంట్లోనే చెప్పి, తర్వాత ఆయన్ని వెంట తీసుకెళ్లవచ్చు. ఆయనకు చెప్పకుండా మీరొక్కరే డాక్టరుకు చెప్పే హక్కూ మీకుంది, వైద్యం వరకు అది చాలు. కాకపోతే మందు మారితే డబ్బాలో మాత్రలు మారతాయి, ఆయన ఎలాగూ అడుగుతారు.

ఇక పన్ను. ఒక్క పన్ను తీయడానికి సాధారణంగా ఈ మందు ఆపించరు. తేదీ ఖాయం చేసేముందు దంతవైద్యుడికి రెండు మాత్రల పేర్లూ రాసి ఇవ్వండి, వాస్కులర్ డాక్టరు ఫోన్ నంబరు ఇవ్వండి. పొద్దుటిపూట, వారం మొదట్లో పెట్టించుకుంటే తర్వాత రక్తం కారినా చూపించుకోవడానికి వేళ ఉంటుంది. మాత్ర వేసుకునే గంటను కొంచెం జరపాలా వద్దా వాళ్లిద్దరూ చెబుతారు. తీసినచోట కుట్టు వేయమని, గాజుగుడ్డ కరిచి పట్టుకునే సమయం ఎక్కువ ఇవ్వమని అడగండి. నొప్పికి ఏం రాశారో చూసుకోండి, పారాసిటమాల్ కాకుండా వేరేది రాస్తే అక్కడే అడిగి మార్పించుకోండి. హిమోగ్లోబిన్ ఇంకా 9 దగ్గరే ఉంటే, పన్ను మరీ బాధపెట్టకపోతే, అది కొంచెం పెరిగేదాకా వాయిదా వేసుకున్నా నష్టం లేదు.